కండలో కాల్షియం ఖజానా

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా తీర్పు గుర్తుకు వస్తుంది. ఆ తీర్పు గురించి మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శి గారు మాత్రం నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని పురమాయించారు. నేను డాక్టరును కాను. 1971 నుంచి 2007 దాకా సబ్ ట్రెజరీలో బిల్లులు చూసిన గుమాస్తాను. ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో జరిగిన ఒక సంగతి, దాని మూలంగా నేను పుస్తకాలు తిరగేసి, డాక్టర్లను విసిగించి తెలుసుకున్న విషయాలు. అందులో పొరపాట్లుంటే సభలో ఉన్న డాక్టరు గారు దిద్దాలని ముందే మనవి చేసుకుంటున్నాను.

మొన్న లైఫ్ సర్టిఫికెట్ల పని మీద మన సంఘం గదిలో కూర్చున్నప్పుడు ఒక మిత్రులు జేబులోంచి రెండు మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది కాల్షియం మాత్రండీ, ఎముకలకని రాశారు. ఇది బి.పి.కి రాసిన ఆమ్లోడిపిన్. దీన్ని కాల్షియం ఛానల్ బ్లాకర్ అంటారని మా మనవరాలు ఫోనులో చూసి చెప్పింది. పొద్దున్న కాల్షియం ఇచ్చి రాత్రి కాల్షియం ఆపడమేమిటి? ఒకదాన్నొకటి కొట్టేయవూ?" అన్నారు. అక్కడున్న వాళ్లం నవ్వాము గాని, ప్రశ్న మంచిది. దానికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మన ఒంట్లోని కాల్షియంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు ఎముకల్లోను, పళ్లలోను ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలోను, కణాల్లోను తిరుగుతూ ఉంటుంది. చెయ్యి ఎత్తాలన్నా, మెట్లెక్కాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఆ ఒక్క పాలే ఆధారం.

ఈ సంగతి మొదట బయటపడింది ఒక పొరపాటు వల్ల. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పు నీటిలో ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తుండేవాడు. 1882లో బాగానే కొట్టుకుంది. తర్వాత తెలిసిందేమంటే, ఆ ఉప్పు నీరు స్వేదన జలంతో చేసింది కాదు, కొళాయి నీటితో చేసింది. సరిగా స్వేదన జలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. లండన్ కొళాయి నీటిలో ఉన్న సున్నం, అంటే కాల్షియం, గుండెను ఆడించిందని 1883లో ఆయన ప్రకటించాడు. తప్పు జరిగిందని దాచకుండా, ఫలానా కంపెనీ సరఫరా చేసిన నీరని కూడా రాసి అచ్చు వేయించాడు. ఆడిట్ వాళ్ల ముందు కూడా అంత నిజాయితీగా ఒప్పుకున్న వాళ్లను నా సర్వీసులో ఎక్కువమందిని చూడలేదు. ఆసుపత్రిలో మనకు ఎక్కించే ఆర్.ఎల్. సెలైన్ సీసా మీది 'ఆర్' అనే అక్షరం ఆయన పేరే. అందులో ఈనాటికీ కొద్దిగా కాల్షియం కలుపుతారు.

అయితే రింగర్ కాలంలో తేలని చిక్కు ఒకటి ఉంది. కాల్షియం లేని నీటిలో గుండె ఆగిపోతుంది గాని, కప్ప కాలి కండ చాలాసేపు పనిచేస్తూనే ఉంటుంది. రెండూ కండలే గదా, ఈ తేడా ఎందుకు? దీనికి జవాబు దొరకడానికి సుమారు నూరేళ్లు పట్టింది.

కండర కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి ద్రవంలో కాల్షియం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. బయట ఉన్నదానిలో పదివేలవ వంతు. కాని అదే కణంలో, వల లాగా అల్లుకున్న ఒక సంచి ఉంది. కాల్షియం అంతా అందులో బిగించి ఉంటుంది. ఆజ్ఞ అందగానే ఆ సంచి తలుపులు క్షణంలో కొద్ది భాగం సేపు తెరుచుకుంటాయి. కాల్షియం బయటికి దూకి ట్రోపోనిన్ అనే మాంసకృత్తును పట్టుకుంటుంది. అప్పుడు కండలోని సన్నని పోగులు ఒకదాని మీదుగా ఒకటి జరిగి కండ బిగుసుకుంటుంది. ఛాతీ నొప్పితో వెళితే రక్తంలో ఎంతుందో చూస్తారే, ఆ ట్రోపోనిన్ ఇదే. దాన్ని 1960ల్లో కనిపెట్టినది జపాన్‌కు చెందిన సెత్సురో ఎబాషి.

ట్రెజరీ వాణ్ణి కాబట్టి నాకు ఇది మా స్ట్రాంగ్ రూములా కనిపిస్తుంది. హాల్లో డబ్బు కనిపించదు, ఉన్నదంతా లోపల డబుల్ లాకులో ఉంటుంది. ఎవరి అధికారంతో ఆ తలుపు తెరుచుకుంటుందన్నదే అసలు విషయం.

చేతుల్లో, కాళ్లలో ఉండే కండలకు ఈ పని సూటిగా జరుగుతుంది. నరం మీదుగా విద్యుత్తు కణం పైపొర దాకా వస్తుంది. అక్కడ కాపలా ఉన్న ఒక మాంసకృత్తుకు ఆ కబురు తెలుస్తుంది. దాని చెయ్యి లోపలి తలుపు మీదే ఉంటుంది, తానే లాగి తెరుస్తుంది. బయటి కాల్షియంతో పని లేదు. గుండెలో పద్ధతి వేరు. అక్కడ ముందుగా కణం పైపొర మీది తలుపు తెరుచుకొని, బయటి నుంచి కొద్దిపాటి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కొద్దిపాటి కాల్షియం తగిలితేనే లోపలి సంచి తలుపు తెరుచుకొని, అసలు మొత్తం విడుదల అవుతుంది. టోకెను చూపిస్తే గాని పేమెంటు లేదు. రింగర్ కప్ప గుండె ఆగిపోయింది, కాలు ఆగకపోయింది, ఇందుకే.

విడుదలైన దాన్ని తిరిగి సంచిలోకి ఎత్తిపోయడానికి ఒక పంపు ఉంది. దానికి ఏ.టి.పి. అనే ఇంధనం కావాలి. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ముందుకు పోలేను. అమెరికాలో ఫిస్క్‌తో కలిసి కండల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, ఆ తర్వాత ఏ.టి.పి.నీ వెలికి తీసిన వారిలో ఆయన ఒకరు. 1995లో ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేశారు. అది నా దగ్గర ఇంకా ఉంది. నిమిషానికి 70 చొప్పున గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుందంటే, ఆ తలుపులు లక్షసార్లు తెరుచుకోవాలి, ఆ పంపు లక్షసార్లు ఎత్తిపోయాలి.

ఇప్పుడు ఆ మిత్రుల మాత్రల సంగతి. ఆమ్లోడిపిన్ పనిచేసేది ప్రధానంగా రక్తనాళాల గోడల్లో ఉన్న కండల మీద, అదీ పైపొర తలుపు మీద. ఆ తలుపు ఎక్కువ తెరుచుకోకుండా చూస్తే నాళం వదులవుతుంది, బి.పి. దిగుతుంది. ఎముకల కాల్షియం జోలికి అది పోదు. మనం మింగిన కాల్షియం మాత్ర దాన్ని రద్దు చేయదు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో శరీరం ఎముకల నిల్వతో సర్దుబాటు చేసుకుంటుంది. కాబట్టి రెండు మాత్రలూ రెండు వేరువేరు పద్దులు. డాక్టరు రాసినవి రాసినట్టు వేసుకోవచ్చు. కొందరికి ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాస్తాయి. అలా వాస్తే చెప్పాలి గాని సొంతంగా మానేయకూడదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది రెండో తలుపు, అంటే లోపలి సంచి తలుపు గురించి. దాని పేరు రయనోడిన్ రిసెప్టర్. పేరు నోరు తిరగదు గాని, దాని వెనుక ఒక మొక్క ఉంది. ట్రినిడాడ్‌లోను, దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోను పెరిగే రయానియా అనే మొక్క కాండం పొడిని 1940ల్లో అమెరికాలో పురుగుమందుగా వాడేవారు. అందులోని విషాన్ని 1948లో వేరుచేసి రయనోడిన్ అన్నారు. ఆ విషం ఈ తలుపును గట్టిగా పట్టుకొని వదలదు. ఆ పట్టునే గాలంగా వాడి 1980ల చివర తలుపును కణంలోంచి బయటికి లాగి చూశారు. నాలుగు రెక్కలు, ఒక్కొక్క రెక్కలో సుమారు 5000 అమైనో ఆమ్లాలు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ముప్పై రెట్ల పైన బరువు. ఒంటి కండలకు ఒక రకం, గుండెకు ఇంకొక రకం, మెదడు మొదలైన చోట్ల మూడో రకం ఉన్నాయి.

మనలో పొలం ఉన్నవారికి కోరాజెన్ తెలుసు. వరిలో కాండం తొలిచే పురుగుకు కొడతారు. అందులోని క్లోరాంట్రానిలిప్రోల్ చేసే పని ఇదే. పురుగు కండల్లోని ఈ తలుపు తెరిచి వదిలేస్తుంది. కాల్షియం కారిపోయి పురుగు బిగుసుకొని మేత మానేస్తుంది. మనుషుల తలుపు కంటె పురుగుల తలుపుకే అది చాలా ఎక్కువగా పట్టుకుంటుంది. అలాగని ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా పిచికారీ చేయమని నా అర్థం కాదు. ఇంకో మాట. కాఫీలోని కెఫీన్ కూడా ప్రయోగశాలలో ఈ తలుపును తెరుస్తుంది. కాని అంత మోతాదు ఒంట్లోకి రావాలంటే కప్పులు చాలవు. కాఫీ ప్రియులు కంగారు పడవద్దు.

ఈ తలుపులో పుట్టుకతోనే లోపం ఉంటే ఏమవుతుంది? ఒంటి కండల తలుపు లోపం గురించి ఒక ఉదంతం చెబుతాను. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ల విద్యార్థి ఒకడు కాలు విరిగి ఆసుపత్రికి వచ్చాడు. విరిగిన కాలు కంటె మత్తుమందు అంటేనే అతనికి భయం. తన చుట్టాలలో పదిమంది ఈథర్ మత్తు ఇచ్చినప్పుడు చనిపోయారని చెప్పాడు. ఈథర్ బదులు హాలోథేన్ ఇచ్చారు. అయినా ఒళ్లు కాలిపోయింది, గుండె అదుపు తప్పింది. మత్తు ఆపి, ఐసు పెట్టి ఎలాగో బతికించారు. డెన్‌బరో అనే డాక్టరు ఆ కుటుంబం కథను అచ్చు వేయించాడు. వాళ్ల కండల్లో తలుపు ఆ మత్తుకు తెరుచుకొని మూతపడదు. కండలన్నీ ఆగకుండా పనిచేసి ఒళ్లు కొలిమి అవుతుంది. 1991లో పందుల్లో ఇదే జబ్బుకు ఈ తలుపులోని లోపాన్ని పట్టుకున్నారు. డాంట్రోలిన్ అనే మందు దీనికి విరుగుడు. మన ఇళ్లలో ఎవరైనా ఆపరేషన్ బల్ల మీద మత్తులోనే పోయి ఉంటే, ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఇక మా ఇంటి సంగతి.

మా అమ్మాయి కొడుకు 2017లో, పదకొండేళ్ల వయసులో, బడి ఆటల్లో పరుగు పందెంలో పడిపోయాడు. నిమిషంలో లేచాడు. ఎండదెబ్బ అన్నారు. మూడు నెలలకు వీధికుక్క తరిమితే మళ్లీ పడ్డాడు. ఈసారి చేతులు కొట్టుకున్నాయట. ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఇ.సి.జి. తీశారు, బాగుంది. గుండె స్కాను బాగుంది. మెదడు స్కాను కూడా బాగుంది. ఫిట్స్ అని రాసి మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలతో పిల్లవాడికి ఎప్పుడూ మగతే. క్లాసులో ముందుండేవాడు వెనక బెంచీకి పోయాడు. పడడం మాత్రం ఆగలేదు. పడినప్పుడల్లా మోతాదు పెంచారు. అలా రెండేళ్లు గడిచాయి. ఆ డాక్టరును నేను తప్పు పట్టను. ఆయన ముందు పిల్లవాడు ఎప్పుడూ బుద్ధిగా కుర్చీలోనే కూర్చునేవాడు. కాని ఒక్కసారి తప్పు శీర్షికతో ఫైలు తెరిస్తే, ఆ తర్వాత వచ్చిన కాగితాలన్నీ ఆ ఫైల్లోకే పోతాయి. ఇది మన అందరికీ అనుభవమే.

నాకు డయిరీ రాసే అలవాటుంది. 2019 సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి, అమ్మాయిని, అల్లుణ్ణి కూర్చోబెట్టి ఒక్కొక్కటీ రాశాను. తేదీ, వేళ, పడేముందు ఏం చేస్తున్నాడు, ఎంతసేపటికి లేచాడు. మొత్తం అయిదు పద్దులు వచ్చాయి. పరుగు, కుక్క, దీపావళి నాడు వెనకనుంచి పేలిన లక్ష్మీ బాంబు, బస్సు కోసం పరుగు, మాస్టారు కేకలేసిన రోజు. నిద్రలో ఒక్కటీ లేదు. కూర్చొని చదువుకుంటుండగా ఒక్కటీ లేదు. అయిదింటికి అయిదూ పరుగో, బెదురో.

ఆ కాగితం పట్టుకొని వేరొక ఊళ్లో గుండె డాక్టరు దగ్గరకు వెళ్లాము. నేను సంచీలోంచి పెద్ద ఫైలు తీయబోతే, ఆయన ముందు ఆ కాగితం అడిగి తీసుకున్నారు. రెండుసార్లు చదివారు. "తాతగారూ, పరుగెత్తించి ఇ.సి.జి. ఎప్పుడైనా తీశారా?" అన్నారు. లేదన్నాను. పక్కన అన్నీ సిద్ధంగా పెట్టుకొని ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. మొదట బాగానే ఉంది. వేగం పెంచేసరికి కాగితం మీద గీతలు ఒకటి పైకి, ఒకటి కిందికి వంకర తిరగడం మొదలైంది. వెంటనే ఆపేశారు. ఆ గదిలో మా అల్లుడు గోడ పట్టుకొని నిలబడిపోవడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

ఈ జబ్బును క్లుప్తంగా సి.పి.వి.టి. అంటారు. గుండెలోని ఆ లోపలి తలుపు బిగువుగా మూసుకోదు. ఊరికే కూర్చున్నప్పుడు పరవాలేదు. పరుగెత్తినా, భయపడినా, కోపం వచ్చినా ఒంట్లో ఎడ్రినలిన్ పెరిగి సంచిలో కాల్షియం నిండుతుంది. అప్పుడు రెండు దెబ్బల మధ్య, ఎవరూ బిల్లు పెట్టకుండానే, తలుపు సందులోంచి కాల్షియం కారుతుంది. దాంతో గుండె వేళకాని వేళ కొట్టుకొని లయ తప్పుతుంది. మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. చేతులు కొట్టుకోవడం కూడా అందువల్లే, చూసేవారికి ఫిట్స్‌లాగే ఉంటుంది. లయ తనంతట తాను కుదుటపడితే లేస్తాడు. కుదుటపడకపోతే లేవడు. ఇ.సి.జి. పడుకోబెట్టి తీస్తే మామూలుగా ఉంటుంది, ఎందుకంటే పడుకున్నప్పుడు తలుపు కారదు. ఈ తలుపు జన్యువులో లోపమే దీనికి ముఖ్య కారణమని 2001లో తేలింది.

మందు ఉంది. బీటా బ్లాకర్ మాత్ర ఎడ్రినలిన్ ధాటిని తగ్గిస్తుంది. చాలనివారికి ఫ్లెకనైడ్ కలుపుతారు. అది ఈ జబ్బులో పనిచేస్తుందని 2009లో కనుక్కున్నారు. మా వాడు రెండూ వేసుకుంటాడు. పరుగు పందేలు లేవు, ఒంటరిగా ఈత లేదు. ఒక్క పూట మాత్ర మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఫిట్స్ మాత్రలు డాక్టర్ల సలహా మీద మెల్లగా ఆపేశారు. ఆరేళ్లయింది, మళ్లీ పడలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

ఇది వంశంలో వచ్చేది కాబట్టి అందరికీ రక్తపరీక్ష చేయించమన్నారు. అమ్మాయికి ఉంది. నాకు లేదు. మా ఆవిడకు ఉంది. అరవై అయిదేళ్లు వచ్చినా ఏనాడూ కళ్లు తిరిగి పడలేదు. కొందరికి అలా జబ్బు పైకి కనిపించకుండానే ఉంటుందట. నడిపించి చూస్తే ఆమెకూ అదనపు దెబ్బలు పడ్డాయి. ఆమెకూ మాత్ర రాశారు.

ఆ రిపోర్టు చదివి వినిపించిన రోజు రాత్రి ఆవిడ అన్నం తినలేదు. కారణం నాకు తెలుసు. 1978లో ఆవిడ తమ్ముడు, పదిహేనేళ్లవాడు, ఊరి కాలువలో పోయాడు. గోదావరి కాలువ ఒడ్డున పుట్టినవాడు, ఈదుతూ అవతలి గట్టుకు పోయి తిరిగి వచ్చేవాడు. ఆ రోజు పొద్దున్న మార్కుల విషయంలో మా మామగారు కేకలేశారు. కుర్రాడు ఏడుస్తూ పరుగెత్తుకుపోయి రేవులో దూకాడు. పైకి రాలేదు. ఈత వచ్చినవాడు మునిగిపోవడమేమిటి, కావాలనే దూకి ఉంటాడని ఊరంతా అన్నారు. మా మామగారు కూడా అదే నమ్మారు. ఆ తర్వాత ఆయన ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడం నేను వినలేదు. ఆ రేవు వైపు వెళ్లడం మానుకొని, చుట్టూ తిరిగి పొలానికి పోయేవారు. 1991లో కాలం చేశారు.

"అయితే మావాడు చావాలని దూకలేదేమోనండీ" అంది మా ఆవిడ. ఏడుపు, పరుగు, చన్నీళ్లలోకి దూకడం, నా గళ్ల కాగితంలో వేస్తే ఆరో పద్దుగా సరిపోతుంది. గుండె డాక్టరు గారిని అడిగాను. నలభై ఒక్క ఏళ్ల తర్వాత రుజువు చేయలేము, అయినా కొట్టిపారేయడానికి లేదు అన్నారు. నేనూ అంతకంటె ఎక్కువ అనను. వోచరు లేని పద్దు పాస్ చేయడం నాకు అలవాటు లేదు. మా అత్తగారు అప్పటికి బతికే ఉన్నారు. ఆవిడకు మాత్రం మా ఆవిడ వెళ్లి చెప్పింది. ఆవిడ విని, ఆయనకు తెలిసి ఉంటే బాగుండేది అన్నారట.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. నేను గళ్లు గీసిన కాగితం నమూనా ఒకటి జిరాక్సు తీయించి తెచ్చాను. పరుగెత్తినప్పుడో, బెదిరినప్పుడో పడిపోయే పిల్లలు ఎవరింట్లోనైనా ఉంటే భోజనాల దగ్గర నన్ను అడిగి తీసుకోండి. ఇరవై కాపీలే ఉన్నాయి. చాలకపోతే మా ఇల్లు ఇక్కడికి దగ్గరే.

సెలవు.